మేస్త్రీ చెప్పినట్టు

అమెరికాలో బడులకు వేసవి సెలవులిచ్చారంటే చర్చీల్లో మిషన్ ట్రిప్పుల సందడి మొదలవుతుంది. ఒకే రంగు టీషర్టులతో ఓ గుంపు విమానాశ్రయంలో చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తూ కనబడిందంటే, ఏ హోండురాస్‌కో గ్వాటెమాలాకో బయల్దేరిందన్నమాటే. టెక్సస్‌లోని మా సంఘమూ వెళ్తుంది. మనిషికి రెండు పెట్టెలు. ఒకదాంట్లో సొంత బట్టలు, రెండోదాంట్లో కళ్లజోళ్లు, జ్వరం మాత్రలు, రంగు పెన్సిళ్లు, బెలూన్లు. 23 కిలోలు దాటకుండా సర్దడంలో మాత్రం తెలుగువాళ్లను కొట్టేవాళ్లు లేరు. ఆవకాయ సీసాలు సర్ది సర్ది పండిపోయిన చేతులు!

మాది గుంటూరు జిల్లా, లూథరన్ కుటుంబం. చిన్నప్పుడు మా ఊరికి మిషనరీ దొరలొస్తే బంతిపూల దండలు పట్టుకుని వరుసలో నిలబడ్డవాణ్ని. అందుకేనేమో, ఇప్పుడు నన్నెవరైనా దొరలా చూస్తే ఒళ్లు ముడుచుకుపోతుంది.

మేం వెళ్లేది హోండురాస్‌లోని సూలా లోయకు. 2020 నవంబరులో రెండు వారాల తేడాతో ఎటా, అయోటా తుపానులు వచ్చి ముంచేసిన నేల అది. అక్కడ మా పని ఇళ్లు కట్టడం. సిమెంటు మాలు కలపడానికి మిక్సరు ఉండదు. ఇసుక, సిమెంటు నేలమీద పోసి, పొడిగానే పారతో రెండు మూడుసార్లు తిరగేసి, కుప్పచేసి, నడుమ గుంట తీసి నీళ్లు పోయాలి. మా కుర్రాళ్లు హుషారుగా బకెట్టు గుమ్మరిస్తారు. గట్టు తెగి సిమెంటు పాలు కాళ్ల మీదుగా పారిపోతాయి. మేస్త్రీ పల్లెత్తు మాట అనడు. పార అందుకుని గట్టు సరిచేస్తాడు. మేం పేర్చిన దిమ్మెలకు తూకం గుండు పట్టి చూసి, ఓ నవ్వు నవ్వుతాడు. సాయంత్రం మేం బస్సెక్కాక ఆ వరుస ఊడదీసి మళ్లీ కడతాడని అందరికీ తెలుసు.

మా బృందంలోని ఓ తెలుగు కుర్రాడు అడిగాడు: “అంకుల్, మన టికెట్ల డబ్బు నేరుగా వీళ్లకే పంపితే ఎన్ని ఇళ్లు లేచేవి?”

ఈ లెక్క ఎప్పుడో కట్టారు. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో కట్టిన ఇళ్లను కర్ట్ వెర్ బీక్ అనే సమాజశాస్త్రవేత్త పరిశీలించాడు. విదేశీ బృందాలు కట్టిన ఇంటికి ప్రయాణ ఖర్చులతో కలిపి సుమారు 30 వేల డాలర్లయింది. స్థానిక క్రైస్తవ సంస్థలు కడితే 2 వేలు. ఇంట్లో దిగినవాళ్లకు ఎవరు కట్టినా ఒకటే.

మరి వెళ్లడం దండగా? అలా అనను. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర ఏం చేశాడో చూడండి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పనీ కూలీ ఇచ్చాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆయన ఆ ఊళ్లోనే ఏళ్ల తరబడి కాపురమున్న మనిషి. వారం రోజుల చుట్టాలం మనం. దిగకుండా ఉండటం మనకింకా అవసరం.

ఈ వేసవిలో పేరిచ్చే ముందు అక్కడి పాస్టరుగారిని ఒక్కమాట అడగండి, ఏం కావాలని. “ఈ ఏడు రాకండి, మేస్త్రీల కూలి పంపండి” అంటే పంపేయండి. రమ్మంటే వెళ్లి, మేస్త్రీ చెప్పినట్టు ఇసుక మోయండి. ఎవరి బిడ్డనూ తల్లినడగకుండా ఫొటో తీయకండి.

పిల్లల్ని ఆంధ్రాకే మిషన్ ట్రిప్పు తీసుకెళ్దామనుకునేవాళ్లకు ఇంకోమాట. భారతదేశంలో టూరిస్టు వీసా మీద మత ప్రచారం కుదరదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఓసీఐ కార్డున్నా ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సిందే.