అందరికీ ఒకటే పదా?

అందరికీ ఒకే మోతాదు అనే పద్ధతి మీద నా కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. ఈ వారం దాన్ని మళ్లీ రేపింది ఎమర్జెన్సీ వార్డుల్లో పాతుకుపోయిన ఒక లెక్క. రక్తంలో పొటాషియం 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. గుండెకు రక్షణగా కాల్షియం ఇచ్చి, పొటాషియంను కణాల్లోకి నెట్టడానికి 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, తోడుగా 25 గ్రాముల గ్లూకోజ్ నరంలోకి ఎక్కిస్తారు. నలభై కిలోల మనిషికీ, తొంభై కిలోల మనిషికీ అదే పది. పొటాషియం ఇంతగా పెరిగేది ఎక్కువగా కిడ్నీలు దెబ్బతిన్నవారికే. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించడంలో కిడ్నీలకూ పెద్ద పాత్ర ఉంది కాబట్టి, వారిలో దాని ప్రభావం గంటల తరబడి సాగుతుంది. ఎక్కించిన గ్లూకోజ్ అంతసేపు నిలవదు. షుగర్ పడిపోతుంది. ఉద్దానంలో డయాలసిస్ మీద బతుకుతున్న బక్కపలచటి కూలీకి, అందునా షుగర్ జబ్బు లేనివాడికి, ఈ ముప్పు మరీ ఎక్కువ.

అయితే 5 యూనిట్లు, లేదా కిలోకు 0.1 యూనిట్ చాలదా? చాలుతుందనే ఆశ కలిగించే పరిశీలనలు ఉన్నాయి. కానీ వాటిలో చాలావరకు పాత కేసు షీట్లు తిరగేసి రాసినవి. తక్కువ మోతాదు ఎవరికి ఇచ్చారు? డాక్టరు ముందే భయపడిన బలహీన రోగులకు. అలాంటప్పుడు రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు. పైగా గంటగంటకూ షుగర్ చూడని చోట, పడిపోయిన షుగర్ లెక్కలోకే రాదు. పొటాషియం బాగా ఎక్కువున్నవారిలో సగం మోతాదు అంతగా దించలేదని కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి. గుండె ఆగేలా ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

కాబట్టి రేపటి నుంచి అందరికీ ఐదు అనమని నేను అనను. అదీ ఒకే మోతాదే. రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, బరువునూ మొదటి షుగర్‌నూ నమోదు చేసి, సరిగ్గా పరీక్షించాలి. అత్యవసరంలో ఇలాంటి ప్రయోగమా అని కొందరంటారు. సరిగా పరీక్షించకుండా పదీ ఐదూ ఇష్టమొచ్చినట్టు ఇవ్వడమూ ప్రయోగమే, కాకపోతే దాని ఫలితం ఎవరూ రాసుకోరు. ఈలోగా మోతాదు ఏదైనా, మొదటి షుగర్ తక్కువుంటే అదనంగా గ్లూకోజ్ ఎక్కించాలి, ఆరు గంటలపాటు గంటగంటకూ వేలు గుచ్చి చూడాలి. సిరంజినీ చూసుకోవాలి: మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే వయల్ మందును, మిల్లీలీటరుకు 40 లెక్కన గీతలున్న సిరంజిలో పదో గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. పదా, ఐదా అనే వాదన తేలేదాకా రోగిని కాపాడేది ఈ కాపలాయే. తేలాక కూడా ఇదే.