ఆన్‌లైన్ ప్రతిపాదనలో తెలుగు పరిశోధన: పాఠవిమర్శ దృష్టి

ఉపోద్ఘాతం

పరిశోధన ప్రతిపాదనను మనం సాధారణంగా ఒక పాఠంగా చదవం. ఆర్థిక సహాయం కోరే దరఖాస్తుగానే చూస్తాం. అయితే ఒక పరిశోధన గురించి మొదట వెలువడే వచనం అదే. పరిశోధన పరిధినీ, పరిభాషనూ అది ముందుగానే నిర్ణయిస్తుంది. నేడు ఆ వచనం పోర్టల్ గడులలో రూపొందుతున్నది. దానిని చివరిసారి సరిచూసి పంపే బాధ్యత తరచుగా విశ్వవిద్యాలయ పరిశోధన కార్యాలయ సిబ్బందిపై పడుతున్నది. ఈ సమర్పణ విధానం తెలుగు ప్రతిపాదనను ఎట్లా మార్చగలదో, ఆ మార్పులో సిబ్బంది పాత్ర ఎటువంటిదో గుంటూరు, ప్రకాశం మైదానాల మిరప సాగు పదజాలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1976లో నెలకొన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, 2022లో ఒంగోలులో ఏర్పడిన ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానివే కనుక ఈ పదజాలం ఇక్కడి పరిశోధకులకు సహజ క్షేత్రం.

లిపి, లెక్క

తెలుగు అచ్చురంగంలో అను ఫాంట్లతో టైపు చేయడం చాలాకాలంగా అలవాటు. వాటిలో తెరపై కనిపించేది తెలుగు. లోపల నిలువ ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలు. ఆ వచనాన్ని పోర్టల్ గడిలో అతికిస్తే అర్థంలేని చిహ్నాల వరుస మిగులుతుంది. యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదరవచ్చు కనుక మూలంతో పోల్చి చూడక తప్పదు. ఇది ప్రతులను పోల్చే పరిష్కర్త పని వంటిదే.

యూనికోడ్‌తోనూ చిక్కు పూర్తిగా తీరదు. ‘స్త్రీ’ మన దృష్టిలో ఒక అక్షరం. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. ‘వ్యవసాయ’ నాలుగక్షరాల మాట, సంకేతాలు ఏడు. గడి పరిమితిని పదాలలో లెక్కిస్తే సంధిసమాసాల తెలుగుకు కొంత వెసులుబాటు ఉంటుంది. సంకేతాలలో లెక్కిస్తే గుణింతాలూ ఒత్తులూ భారమవుతాయి.

‘తాలు’ చెప్పే చరిత్ర

వరిలో గింజ పట్టనిది తాలు. గుంటూరు మిర్చి యార్డులో రంగు తప్పి తెల్లబారిన కాయ తాలు. దాని ధర వేరు. ధాన్యం నూర్చే చోటు కల్లం. మిరపకు వచ్చేసరికి కాయలు ఎండబెట్టే చోటు కల్లం. ధాన్యపు పంట మాటలు వాణిజ్య పంటకు సంక్రమించిన తీరును ఈ రెండు పదాలు చూపుతున్నాయి. ఈ సంక్రమణమే ఒక ప్రతిపాదనకు ఇతివృత్తం అనుకుందాం. ఆంగ్ల సంగ్రహంలో తాలు ‘రంగు మారిన కాయ’ అవుతుంది, కల్లం ‘ఎండబెట్టే స్థలం’ అవుతుంది. అనువాదం తప్పు కాదు. కాని వరితో ఉన్న బంధం తెగిపోతుంది. పరిశోధన ప్రశ్న మాయమై పదాల పట్టిక మిగులుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం ఇటువంటి మాటలను ఆరోపాలుగా నిలిపింది. సంగ్రహపు గడిలో వాటికి ఆ స్థానం లేదు.

కార్యాలయంలోని సంపాదకుడు

వ్యయపట్టిక, సంస్థ అంగీకారపత్రం, రిజిస్ట్రారు సంతకం, పాత గ్రాంటుల వినియోగ ధ్రువపత్రాలు అన్నీ గడువులోగా సమకూర్చవలసినది పరిశోధన కార్యాలయమే. సంతకం కాగితంపై, సమర్పణ తెరపై; ఈ రెండింటి నడుమ స్కానింగు పని. పోర్టల్ వల్ల తపాలా జాప్యం తప్పింది, అందినట్లు వెంటనే రుజువు దొరుకుతున్నది. ఈ మేలును కాదనలేం. అయితే సంగ్రహం పరిమితి మించినప్పుడు గడువు చివరి గంటలో ఏ వాక్యం తొలగాలన్న నిర్ణయం ఆ బల్ల దగ్గరే జరగవచ్చు. అప్పుడు ఆ ఉద్యోగి సంపాదకుడు అవుతాడు. తాలుకు ఆంగ్ల పర్యాయం ఉన్నది కదా అని మూలపదాన్ని కొట్టివేస్తే అది అజాగ్రత్త కాదు; ఆ పదమే పరిశోధన విషయమని ఆయనకు ఎవరూ చెప్పకపోవడం.

ముగింపు

కాబట్టి లోపాన్ని సిబ్బందిపై మోపడం న్యాయం కాదు. తొలగించరాని తెలుగు పదాల పట్టికను శాఖ ప్రతి ప్రతిపాదనతో జతచేసి కార్యాలయానికి ఇవ్వాలి. సంగ్రహంలో ఆ పదాలను లిప్యంతరీకరణతో నిలిపి, పక్కన వివరణ చేర్చాలి. తొలి చిత్తుప్రతినీ సమర్పించిన ప్రతినీ రెండింటినీ శాఖలో భద్రపరచాలి. ఆ రెండింటి మధ్య తేడాలను చదివినప్పుడే తెలుగు పరిశోధన ఏ మాటలను వదులుకుని ఆర్థిక సహాయం పొందుతున్నదో తెలుస్తుంది.