చెరిగాకే కొలవాలి

సాఫ్ట్‌వేర్ రేడియోలో అసలు విద్య సిగ్నల్‌ను పట్టుకోవడం కాదు, అక్కర్లేనిదాన్ని వదిలించుకోవడం. అదీ వరస తప్పకుండా.

నా దగ్గరున్నది వేలెడంత యూఎస్‌బీ డాంగిల్. కంప్యూటర్లో టీవీ చూసేందుకు తయారైన సరుకు. అందులోని రియల్‌టెక్ చిప్ ముడి శాంపిళ్లను కూడా ఇవ్వగలదని 2012లో బయటపడింది. అప్పటినుంచి కాయిళ్లు, కెపాసిటర్లు చేసే పని చాలావరకు ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామే చేసిపెడుతోంది.

హైదరాబాద్‌లో 101.9 మెగాహెర్ట్జ్ మీద ఆకాశవాణి రెయిన్‌బో వినాలనుకుందాం. సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీసుకుంటే డాంగిల్ 100.7 నుంచి 103.1 దాకా ఉన్నదంతా మోసుకొస్తుంది. స్టేషన్‌కు కావలసింది సుమారు 200 కిలోహెర్ట్జ్. అంటే పన్నెండింట పదకొండు వంతులు మనకు వద్దు.

పదింటికి ఒక్క శాంపిల్ ఉంచుకుంటే సెకనుకు 2.4 లక్షలు మిగులుతాయి. మన స్టేషన్‌కు అవి చాలు. కానీ ఫిల్టర్ పెట్టకుండా ఆ పని చేసి చూడండి. 102.8లోని వివిధ భారతి మనకు 900 కిలోహెర్ట్జ్ దూరంలో ఉంది. కొత్త రేటు 240 కిలోహెర్ట్జ్. దానికి నాలుగు రెట్లు 960. తేడా 60. అంతే, అంత దూరాన ఉన్న వివిధ భారతి మడతపడి రెయిన్‌బో ఇంట్లోనే దిగుతుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు. బలమున్న స్టేషన్‌దే పైచేయి. ఆ తర్వాత ఎంత గొప్ప ఫిల్టర్ తెచ్చినా రెంటినీ విడదీయలేదు. బియ్యమైనా చెరిగాకే కదా కొలుస్తాం!

అందుకే ముందు లో-పాస్ ఫిల్టర్, తర్వాతే శాంపిళ్ల కోత. ఆపైన ఒక్కో శాంపిల్ కోణం (ఫేజ్) ముందుదానికన్నా ఎంత తిరిగిందో చూస్తే ఆ తేడాయే పాట. దాన్ని 15 కిలోహెర్ట్జ్ దగ్గర మళ్లీ వడగట్టి, ఐదింటికి ఒకటి ఉంచితే 48 వేలు. సౌండ్ కార్డుకు సరిగ్గా సరిపోతుంది. జేబులోని ఫోన్ మోడెమ్ పని ఇంతకన్నా ఎంతో చిక్కు. అయినా వడగట్టాకే కోయాలన్న నియమం అక్కడా తప్పదు.

ఈసీఈ పాఠం చెప్పే మాస్టార్లకో మనవి. డీఎస్పీ ల్యాబ్‌లో సైన్ వేవ్ గీయించి, ప్రింటు రికార్డులో అంటింపజేసింది చాలు. ఒక డాంగిల్ కొనండి. 101.9 పెట్టి, ఫిల్టర్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి వినిపించండి. ఏలియాసింగ్ అంటే ఏమిటని వైవాలో మళ్లీ అడగక్కర్లేదు.