మూసేస్తే మళ్లీ తెరుచుకోని పాట

ఈ వారం మా వీధిలో ఒక పెళ్లి ఊరేగింపు పోయింది. పోయింది అనడం మర్యాదకు. చాలాసేపు మా గుమ్మం ముందే నిలబడింది. మినీ లారీ మీద తలెత్తి చూడాల్సినంత ఎత్తున బాక్సులు, వెనకాల జనరేటరు, ముందు ఒళ్లు తెలియకుండా ఎగిరే కుర్రాళ్లు. అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. డీజే బాక్సుల మీద నా అభిప్రాయం ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్త కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దంటాయి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లే వద్దంటాయి. ఆ అంకెలు ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధిస్తే, జగ్గయ్యపేటలో కూర్చుని సంబరపడినవాణ్ని నేను.

ఆ రాత్రి మాత్రం ఒక పాట నన్ను గేటు దాకా నడిపించింది. తీన్‌మార్ నడక, కింద బేస్, మధ్యలో డప్పు. డీజే పాటల్లో డప్పంటే మామూలుగా ప్రతి దెబ్బా ముందు దెబ్బకు నకలు. ఇది అలా లేదు. మంట దగ్గర కాచిన తోలు మోత అది, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ తేడా తెలుస్తోంది. లారీ పక్కన నిలబడ్డ ఆపరేటర్ని చెవిలో అరిచి అడిగాను, ఎక్కడిదయ్యా ఈ పాట అని. "మన పేట కుర్రాడే చేశాడు సార్, ఇంట్లో, లాప్‌టాప్‌లో" అన్నాడు.

మర్నాడు ఆ కుర్రాడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. కుర్రాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. స్టూడియో అంటే మంచం మీద పాత లాప్‌టాపు, ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లు. సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావు బాబూ అంటే, ఎవరి దగ్గరా లేదు సార్, నాకు నేనే అన్నాడు. ఈ జవాబు వినగానే నాలో ఉన్న పాత మాస్టారు నిటారుగా కూర్చున్నాడు. గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నది, జగ్గయ్యపేటలోని ధనంబోడు బౌద్ధ స్తూపాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్న ఫిర్యాదు తర్వాత, ఈ శీర్షికలో ఎక్కువసార్లు వచ్చిన మాట. దానికి నా దగ్గర ఒక అరిగిపోయిన ఉదాహరణ కూడా ఉంది: సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడే తర్వాత ఏఆర్ రెహమాన్ అయ్యాడు. చూశారా, పెద్దవాళ్ల పక్కన కూర్చోవాలి అని ముగిస్తాను. కుర్రాడికీ అదే చెప్పబోయాను. అంతలో మా ఊరి హార్మోనియం మాస్టారు గుర్తొచ్చాడు.

నందిగామ వైపు మా ఊళ్లో తిరునాళ్లకి పద్యనాటకం ఉండి తీరాలి. తెల్లవార్లూ కృష్ణరాయబారం. పీసపాటి, షణ్ముఖి, అబ్బూరి, బందా, ఈలపాట రఘురామయ్య, ఈ నటుల పేర్లు మా పెద్దవాళ్లకి ఇంటి పేర్లలాంటివి. కానీ నా చూపు ఎప్పుడూ స్టేజీకి ఓ పక్కన, కాళ్లతో తొక్కే హార్మోనియం వెనక కూర్చున్న మనిషి మీదే. పగలు ఆయన దర్జీ. మిషను తొక్కిన కాళ్లే రాత్రి ఆ పెట్టెను తొక్కేవి. నటుడు పద్యం ఎత్తుకున్న క్షణంలో ఏ మెట్టు మీద ఎత్తుకున్నాడో పసిగట్టి అక్కడికి చేరాలి. తెల్లవారుజామున గొంతు జారుతుంటే ఎవరికీ తెలియకుండా తనూ ఒక మెట్టు కిందకి దిగాలి. పద్యం చివర రాగం సాగినంతసేపూ వెంట ఉండాలి. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదట్నుంచీ.

ఆయనకీ గురువు లేడు. విజయవాడ రేడియో విని నేర్చుకున్నానని చెప్పేవాడు. ఆ మాట నేను చాలా కాలం మామూలుగానే విన్నాను. తర్వాత ఆలోచిస్తే విచిత్రంగా తోచింది. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. మెట్లు బిగుసుకుపోయి ఉంటాయి, స్వరానికీ స్వరానికీ మధ్య జారడం కుదరదు, గమకం పలకదు, మన శ్రుతులకు ఆ పెట్టె పనికిరాదు అన్నది వాదం. మూడు దశాబ్దాల పాటు ఆ నిషేధం నడిచింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే మా మాస్టారు ఏ రేడియో విని హార్మోనియం నేర్చుకున్నాడో ఆ రేడియోలో హార్మోనియమే లేదు! వయొలిన్ విని, గాత్రం విని, వాటి జారుళ్లను ఈ మొండి మెట్ల మీదికి ఎలా తేవాలో తనే తంటాలు పడ్డాడు. పక్క మెట్టును తాకీ తాకనట్టు తాకి గమకమన్న భ్రమ పుట్టించేవాడు.

మరి తప్పొప్పులు ఎవరు చెప్పేవారు అని ఒకసారి అడిగాను. "తప్పు మెట్టు తొక్కితే కృష్ణుడు పద్యం ఆపకుండానే నా వంక చూసేవాడు. కిరీటం పెట్టుకున్న మనిషి అలా చూస్తే వారం రోజులు నిద్ర పట్టేది కాదు" అన్నాడు.

స్వరాల మధ్య జారడం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. 1980ల మొదట్లో జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టె తెచ్చింది. బేస్ గిటార్ వాయించేవాడు దొరకని గిటారు కళాకారుడికి తోడుగా ఉంటుందని దాని ఉద్దేశం. బేస్ గిటార్ లాగా అది ఏనాడూ మోగలేదు. అమ్ముడుపోక 1984లో ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెను చికాగో కుర్రాళ్లు ఇష్టమొచ్చినట్టు తిప్పి, 1987లో 'యాసిడ్ ట్రాక్స్' అనే రికార్డు చేస్తే ఒక సంగీత శాఖే పుట్టింది. వాళ్లకంటే ఐదేళ్ల ముందే, 1982లో, బొంబాయి సినిమా పాటలకు వాద్యాలు వాయించే చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెనూ, ఒక డ్రమ్ పెట్టెనూ, ఒక సింథసైజర్‌నూ పెట్టుకుని, పది రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు వేశాడు. టీబీ-303లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు ఉంది. రేడియో వాళ్లు హార్మోనియంలో లేదన్న గుణం సరిగ్గా అదే. రికార్డు అప్పట్లో ఎవరికీ పట్టలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. ఆయనకు ఆ పెట్టె నేర్పిన గురువెవరు? నేర్పడానికి అప్పటికి అది వచ్చిన వాళ్లెవరూ లేరు.

ఇదే దేశంలో గురువూ, యంత్రమూ, సంస్థా అన్నీ ఉన్న చోటు కూడా ఒకటుండేది. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు. 1972 దాకా అక్కడివాళ్లు చేసిన టేపులు అల్మరాల్లోనే ఉండిపోయి, 2023లో గానీ రికార్డుగా బయటికి రాలేదు. అన్నీ ఉన్నాయి, వినేవాళ్లు లేరు.

మన కుర్రాడి దగ్గరికి వద్దాం. వాడు వాడేది ఎఫ్‌ఎల్ స్టూడియో, వాడి మాటల్లో "ఎఫ్‌ఎల్". బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ 1997లో ఫ్రూటీ లూప్స్ పేరుతో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. నాకు గురువు లేడన్నాడు గానీ మొదటి ఏడాదంతా వాడికున్నంతమంది గురువులు తాన్‌సేన్‌కి కూడా ఉండరు. ఫోన్‌లో ఒకాయన కిక్ ఇలా పెట్టమంటాడు, ఇంకొకాయన అలా పెడితే పరువు పోతుందంటాడు, మూడో ఆయన ఈ ప్లగిన్ కొంటే తప్ప పాట రాదంటాడు. కుర్రాడు అన్నీ చూశాడు. సైడ్‌చెయిన్ అంటే చెప్పగలడు, కంప్రెసర్ అంటే చెప్పగలడు. పాట మాత్రం ఒక్కటీ లేదు. అన్నీ ఎనిమిది బార్ల (తాళావర్తాల) ముక్కలే. ఆ ముక్క లూపులో తిరుగుతుంటే చాలా బాగుంటుంది. తర్వాతేంటి అన్నది తేలదు. సొంతంగా నేర్చుకునేవాళ్లు ఏ దేశంలోనైనా పడే గుంట ఇదేనట.

ఎలా బయటపడ్డావు అంటే వాడు నవ్వి, "ట్రయల్ వెర్షన్ సార్" అన్నాడు. ఎఫ్‌ఎల్ ట్రయల్ వెర్షన్‌లో ఒక తమాషా షరతుంది. అన్ని పరికరాలూ వాడుకోవచ్చు, చేసిన పాటను ఆడియో ఫైలుగా బయటికి తీసుకోవచ్చు, ప్రాజెక్టును సేవ్ కూడా చేయొచ్చు. కానీ కొనేదాకా ఆ సేవ్ చేసిందాన్ని మళ్లీ తెరవలేం. క్రాక్ వెర్షన్ వేసుకున్న స్నేహితుడి లాప్‌టాప్ వైరస్ తగిలి మూలపడ్డాక వీడికి ఆ దారి మీద భయం. కొనడానికి డబ్బుల్లేవు. కాబట్టి నాన్న నైట్ షిఫ్టుకి వెళ్లగానే తెరుస్తాడు, మూసేలోగా పాట ముగించాలి. లాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చిపోయింది. మధ్యలో కరెంటు పోతే అంతా పోయినట్టే. మొదట్లో అలా చాలా పోయాయట. తర్వాత తర్వాత చేయి పదునెక్కింది. ఏది ముందు, ఏది అనవసరం, ఎక్కడ ఆపాలి అన్నది తెలిసింది. డప్పు వరస బాగా కుదిరితే దాన్ని విడిగా ఆడియోగా తీసిపెట్టుకుని మర్నాడు దానితోనే మొదలుపెట్టేవాడు.

ఇక డప్పు సంగతి. సాఫ్ట్‌వేర్ తెరవగానే బారుకి పదహారు గళ్లు చూపిస్తుంది. మూడు మూడుగా నడిచే తిశ్రగతి అందులో ఇమడదు, పన్నెండుగా విడగొట్టుకోవాలి. వాడు విడగొట్టుకున్నాడు. ఒక పెద్దాయన చేత డప్పు కొట్టించి, లావు సిర్ర దెబ్బ, సన్నటి చిటికెన పుల్ల దెబ్బ వేరువేరుగా ఫోన్‌లో రికార్డు చేసి గళ్లలో పేర్చాడు. లెక్కకి సరిపోయింది. ఆ పెద్దాయనకే తీసుకెళ్లి వినిపిస్తే ఆయన కాసేపు విని, "ఇది మనిషి కొట్టింది కాదు" అన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. కుర్రాడు ఇంటికొచ్చి ఒక్కో దెబ్బను గడిలోంచి చేత్తో ఇటూ అటూ జరిపాడు. మళ్లీ వినిపించాడు. మళ్లీ జరిపాడు. నన్ను గేటు దాకా నడిపించింది ఆ జరుపుడే.

బేస్ కథ ఇంకోటి. 50 హెర్ట్జ్ శబ్ద తరంగం గాలిలో దాదాపు 7 మీటర్ల పొడవుంటుంది. మన పడకగది కంటే పొడవు. గోడా తలుపూ దానికి పెద్దగా అడ్డు కావు, మా గ్లాసులు మోగింది అందుకే. ఇయర్‌ఫోన్లలో వాడికి ఆ అడుగు బేస్ సరిగ్గా వినపడదు. బాగుందనుకుని ఇచ్చిన మొదటి పాట లారీ మీద మోగించేసరికి గొంతు మునిగిపోయి బురదలా వచ్చిందట. జనం ఎగరడం ఆపేశారు. అప్పట్నుంచి మధ్యాహ్నం పూట గోడౌన్‌లో బాక్సులు తక్కువ సౌండులో పెట్టించి, విని, బాగా అడుగున ఉన్న మోతను కోసేసి అప్పుడు ఇస్తున్నాడు. జగ్గయ్యపేట, నందిగామల్లో ఒక పాలిటెక్నిక్ కుర్రాడు తను చేసిన బేస్‌ని నిజంగా వినగలిగిన చోటు నేను నిషేధించమన్న ఆ లారీ ఒక్కటే. ఇది నాకు మింగుడుపడని సంగతే, అయినా నిజం. పది తర్వాత ఆపాలన్న నా మాట మాత్రం మారదు. ఆ పాటకు ఐదు నిమిషాలు చాలు.

డబ్బులేమైనా వస్తాయా అంటే యూట్యూబ్‌లో పెట్టాను, వ్యూస్ రావాలి అన్నాడు. మన ధనంబోడు స్తూపం పలక మీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తితే నాణేల వాన కురిసింది. ఆ పలక కూడా మద్రాసు మ్యూజియంలోనే ఉంది కదా.

వచ్చేముందు పెద్దరికం ముందుకొచ్చి, ఆ ఫుల్ వెర్షన్ నేను కొనిపెడతాను అన్నాను. ఒకసారి కొంటే తర్వాతి వెర్షన్లన్నీ ఉచితమట, మంచి బేరం. వాడు కాస్త ఇబ్బందిగా, "ఇప్పుడే వద్దు సార్. మళ్లీ తెరుచుకుంటే ఇంక ముగించను" అన్నాడు.

మా అబ్బాయికి మ్యూజిక్ ప్రొడక్షన్ పిచ్చి, హైదరాబాద్‌లో ఏ కోర్సులో చేర్పించమంటారు అని అడుగుతూ నాకు రాసిన తల్లిదండ్రులు కొందరున్నారు. గురువు గురించి ఇన్నాళ్లూ రాసినవాణ్ని కాబట్టి మంచి గురువు పేరు చెబుతానని వాళ్ల ఆశ. నా జవాబు ఇది: ఏడాది పాటు ఎక్కడా చేర్పించకండి. ఆ ఫీజులో కొంచెం తీసి మంచి హెడ్‌ఫోన్స్ కొనండి. ట్రయల్ వెర్షన్ చాలు. పూర్తయిన ప్రతి పాటనూ మీరు కాదు, మీకు మొహమాటపడని ఎవరైనా వినేలా చూడండి: ఒక డప్పు కళాకారుడు, ఒక డీజే ఆపరేటరు, ఒక భజన మేళం పెద్దాయన. ఏడాది తిరిగేసరికి మొదలూ చివరా ఉన్న పాటలు పది చేతిలో ఉంటే అప్పుడు రాయండి, కోర్సు సంగతి మాట్లాడదాం.