రేవుకు పాట ఉంది, బట్టీకి లేదు

ఏలూరు కాలువల నుంచి కాకినాడ అఖాతం దాకా గోదావరి డెల్టాలో ఆగిపోయిన రెండు పనుల ఆనవాళ్లను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి పడవల రేవు, రెండోది గుల్ల కాల్చిన సున్నపు బట్టీ.

రేవుకు మన కళల్లో లోటు లేదు. 'మూగమనసులు' (1964) కథానాయకుడు పడవవాడే. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' కొల్లేటి బతుకును నవలలో నిలిపింది. పెద్దింట్లమ్మ తీర్థానికి పడవ మీద కొల్లేటికోట వెళ్లిన ముచ్చట్లు లంకల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కానీ చేత్తో తాకి చూడటానికి ఏం మిగిలింది? తాటిదోనెలు పుచ్చిపోయాయి. రేవులున్న చోట్ల చేపల చెరువుల గట్లు, వంతెనలు వచ్చాయి.

బట్టీ సంగతి దీనికి తలకిందులు. అఖాతంలో ఏరిన గుల్లల్ని బట్టీలో పేర్చి కాల్చేవారు. కాలిన గుల్ల మీద నీళ్లు చల్లితే బుసబుసా పొంగి పొడి అయ్యేది. అలాంటి సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దుల గానుగలో నూరితే డంగుసున్నం. సిమెంటు రాకముందు ఇళ్లకూ గుళ్లకూ అదే బంధం. 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టకూ, పాత కాలువల లాకులకూ రాళ్లను పట్టి ఉంచింది సున్నమే. పడవ నడిచిన నీటిదారి సున్నం మీదే నిలిచింది. అయినా ఆ బట్టీ మనిషి కథానాయకుడైన తెలుగు కథ ఒక్కటీ నా కంట పడలేదు.

కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. పడవ అందరూ ఎక్కారు. పెళ్లివాళ్లు, బడిపిల్లలు, రేపటి రచయితలు కూడా. బట్టీ దగ్గరికి కూలికి వెళ్లినవాళ్లే వెళ్లారు. ఆ సెగ, కళ్లలో పడిన సున్నపు దుమ్ము, పగిలిన అరచేతులు వాళ్లవే. మన జ్ఞాపకం ప్రయాణికుల జ్ఞాపకం. అందుకే అందంగా ఉంది, అందుకే సగమే ఉంది.

సున్నం కొల్లేటికి ఇప్పటికీ వస్తోంది, చేపల చెరువుల్లో చల్లడానికి. గానుగ పట్టే చేతులే అరుదైపోయాయి. ఆ లోటు కథలకే కాదు, గోడలకూ తగులుతోంది. సున్నపు గోడ చెమ్మను బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఆగి ఇటుకను తినేస్తుంది. పాత లాకుకో గుడికో మరమ్మతు తలపెట్టినవాళ్లు ముందు వెతకాల్సింది గానుగ సున్నం ఎరిగిన ముసలి తాపీమేస్త్రీని. ఆయన చెప్పిన పాళ్లు, నానబెట్టే రోజులు ఎవరైనా కాగితం మీద పెట్టాలి.