‘జుఱ్ఱు’ ధాతువు: అర్థం, వ్యుత్పత్తి

చప్పుడయ్యేటట్లు పీల్చి తాగడం ‘జుఱ్ఱు’ ధాతువుకు ప్రసిద్ధార్థం. కరీంనగర్, ఆదిలాబాద్ వాడుకలో ‘జుర్రుడు’ అంబలికి, చారుకు చెల్లుతుంది గాని సత్తుపిండికి చెల్లదు, దానిని బుక్కుతారు. కరకర నమలడం ఎంత చప్పుడైనా జుర్రడం కాదు. కనుక ఈ పదార్థంలో చప్పుడు కంటె ద్రవత్వమే ప్రధానం. మోటుదనం పదంలో లేదు; కవిత్వాన్ని జుర్రుకొన్నారని మెచ్చుకోలుగా రాసేవారు అంబలి జుర్రడాన్ని మాత్రం అనాగరికమనుకోవడం విచిత్రం.

వ్యుత్పత్తి విషయంలో చిక్కు ఎక్కువ. మూలద్రావిడంలో పదాదిని నాదస్పర్శాలు లేవు. అందువల్ల ఆది జకారమే అనుమానాస్పదం. ఇక ద్విరుక్త ఱకారం. తమిళంలో ‘పఱ్ఱు’, ‘సుఱ్ఱు’ ఉన్నచోట తెలుగులో ‘పట్టు’, ‘చుట్టు’ కనిపిస్తాయి. ‘జుఱ్ఱు’ కూడ అటువంటి ప్రాచీన ధాతువే అయితే ‘జుట్టు’ కావలసింది. కాలేదు. దీనిని ‘గుఱ్ఱు’, ‘చుఱ్ఱు’ వంటి ధ్వన్యనుకరణాల సరసన చేర్చడమే సమంజసం. అయితే ‘గుఱ్ఱము’ కూడ ఇదే అచ్చులో ఉంది గనుక రూపం ఒక్కటే చాలదు, అర్థం తోడు రావాలి. వేడి అంబలిని గాలితో కలిపి పీల్చినప్పుడు పెదవుల మధ్య పుట్టే ధ్వని ఆ తోడును ఇస్తుంది.

ధ్వన్యనుకరణాలు భారతీయ భాషామండలానికి ఉమ్మడి లక్షణమని ఎమెనో 1969లో నిరూపించాడు. కాబట్టి మరాఠీ సరిహద్దున ఉన్న ఆదిలాబాద్‌లో ఇటువంటి పదానికి పొరుగు భాషలో పోలిక దొరికినంత మాత్రాన దానిని ఎరువుమాట అనడం తొందరపాటు.