అంతరిక్ష విద్యలో రెండవ సంవత్సరము

పలుదేశముల విద్యార్థులను ఒక్కచోట చేర్చి అంతరిక్షశాస్త్రమును, దానికి సంబంధించిన సాంకేతిక విద్యను నేర్పి పట్టమిచ్చు పథకములు నేడు కొన్ని గలవు. వీనికి ప్రశంసల కొదువ లేదు. ఎన్ని దేశములవారు చేరిరి, ఎన్ని విశ్వవిద్యాలయములు పాల్గొనుచున్నవి అను లెక్కలే సామాన్యముగా వినవచ్చుచుండును. చదువు ముగించి స్వదేశమునకు మరలిన విద్యార్థి అచ్చట ఏమి చేయగలిగెను అని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నతో పరీక్షింపదగిన పథకము మన దేశముననే కలదు. దాని ఎం.టెక్. పట్టము నిచ్చునది విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు.

అంతరిక్ష విద్యకై వర్ధమాన దేశములలో ప్రాంతీయ కేంద్రములు నెలకొల్పవలెనను సూచనను ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1990లో ఆమోదించెను. తదనుగుణముగా ఆసియా, పసిఫిక్ ప్రాంతమునకు 1995 నవంబరులో డెహ్రాడూనునందు ఒక కేంద్రము ఏర్పడెను. రిమోట్ సెన్సింగ్, అనగా దూరమునుండియే చూచి వస్తువును గుర్తించు విద్య, డెహ్రాడూనులో బోధింపబడును. ఉపగ్రహముల ద్వారా వార్తలను పంపు విద్యకు, ఉపగ్రహ వాతావరణ శాస్త్రమునకు, అంతరిక్ష వాయుమండల శాస్త్రమునకు అహమ్మదాబాదు స్థానమయ్యెను. నేపాలు, మంగోలియా, ఉజ్బెకిస్తాను, మయన్మారు మొదలగు దేశములవారు ఇచ్చటికి వచ్చి తొమ్మిది నెలలు చదివి డిప్లొమా పొందుదురు. పిదప స్వదేశమున ఒక సంవత్సరము పరిశోధన సాగించి, సిద్ధాంతవ్యాసమును సమర్పించినచో ఎం.టెక్. లభించును.

ఐరోపాలోని పద్ధతి వేరు. స్వీడనులో ఆర్కిటిక్ వృత్తమునకు ఉత్తరమున కిరూనా అను పట్టణము కలదు. అచ్చట లూలియో సాంకేతిక విశ్వవిద్యాలయము ప్రధాన భాగస్వామిగా 2005లో రెండేండ్ల పథకమొకటి ప్రారంభమయ్యెను. విద్యార్థి కొంతకాలము ఒక దేశమున, కొంతకాలము వేరొక దేశమున చదివి, చివరి వ్యాసమును మూడవ చోట వ్రాయుటయు కలదు. కిరూనా సమీపమున 1966 నుండి పనిచేయుచున్న ఎస్‌రేంజ్ ప్రయోగస్థలమునుండి విద్యార్థులు నిర్మించిన పరికరములు బెలూనులలో 25, 30 కిలోమీటర్ల ఎత్తునకు పోవుచుండును. తాను బిగించిన తీగ ఆకాశమున చలికి విరిగినదో నిలిచినదో తెలిసికొనుటకు మించిన పాఠము ఇంజనీరునకు లేదు. ఆ విషయమున కిరూనాకు నూటికి నూరు మార్కులు వేయవచ్చును. అయితే ఆ విద్యార్థి మరల తన ఊరికి పోవునా అను విచారము ఆ పథకమునకు పట్టదు.

డెహ్రాడూను పథకము రెండవ సంవత్సరమును విద్యార్థి ఇంటిలోనే పెట్టినది. ఇది ఖర్చు తగ్గించుటకు చేసిన యుక్తి అని కొందరికి తోచవచ్చును. ఆ యుక్తిలో శాస్త్రముకూడ కలదని భూటాను ఉదాహరణము చూపును. 1994 అక్టోబరు 7న ఆ దేశపు ఉత్తర పర్వతములలోని లుగ్గె త్సో అను హిమానీనద సరస్సు గట్టు తెగి, వరద పునాఖా వరకు పారి, సుమారు 20 మందిని బలిగొన్నది. ఇట్టి సరస్సును ఉపగ్రహచిత్రమున గుర్తించుట కష్టము కాదు. కంటికి కానరాని పరారుణ కిరణములలో ఎఱ్ఱనికాంతికి చేరువనున్న వానిని నీరు దాదాపు పూర్తిగా పీల్చుకొనును. చుట్టునున్న రాయి, మంచు వానిని తిప్పి పంపును. అందుచే ఆ చిత్రమున సరస్సు నల్లగా కనిపించును. నల్లని చుక్కలను లెక్కించినచో వైశాల్యము తేలును. కాని లోతెంత? గట్టులోపల మంచుగడ్డ దాగి కరగుచున్నదా? ఈ ప్రశ్నలకు ఆ చిత్రము సమాధానము చెప్పజాలదు. కొండదారిని దినములకొలది నడచి పోయి కొలువవలెను. ఆ దారిని, ఆ కొండవారి భాషను ఎరిగినవాడు భూటానువాడే గదా!

ఒకప్పుడు ఈ పనికి చిత్రముల వెలయే పెద్ద అడ్డంకి. ల్యాండ్‌శాట్-7 చిత్రమొక్కటికి 600 డాలర్లు చెల్లింపవలసియుండెను. 2008 నుండి ల్యాండ్‌శాట్ చిత్రములు ఉచితమైనవి. 2015లో పైకి పోయిన ఐరోపా ఉపగ్రహము సెంటినెల్-2 చిత్రములును అట్టివే. 1988లో ప్రయోగించిన మన ఐ.ఆర్.ఎస్.-1ఎ మిక్కిలి సూక్ష్మముగా చూచినను, దాని చిత్రములో ఒక్కొక్క చుక్క నేలపై 36.25 మీటర్ల చదరము. చదరపు కిలోమీటరు సరస్సు దానిలో సుమారు 760 చుక్కలు. సెంటినెల్ చుక్క 10 మీటర్లు కనుక అదే సరస్సు 10,000 చుక్కలగును. (ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచే చేయించవచ్చును.) కావున రిమోట్ సెన్సింగ్ చదివినవానికి నేడు స్వదేశములో కొరవడునది చిత్రము కాదు, తీరిక. ఇచ్చటికి వచ్చువారిలో పెక్కురు ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులు. తిరిగిపోగానే పాత కుర్చీ, పాత ఫైళ్లు ఎదురుచూచుచుండును. డిప్లొమా పొందినవారికంటె ఎం.టెక్. ముగించినవారు చాల తక్కువగుటకు ఇదియొక కారణమై యుండవలెను. పంపిన కార్యాలయము ఆ ఏడాది సెలవునకు ముందే వ్రాతపూర్వకముగా ఒప్పుకొనవలెనను షరతు పెట్టుటకు డబ్బు అక్కరలేదు.

దీనికంటె పెద్ద లోపము వేరొకటి. శాఖలన్నింటికి ఒకే అచ్చు వేసిరి: తొమ్మిది నెలలు ఇచ్చట, ఒక సంవత్సరము అచ్చట. రిమోట్ సెన్సింగునకు కంప్యూటరు, కాళ్లు ఉన్న చాలును. అంతరిక్ష వాయుమండల శాస్త్రము అట్టిది కాదు. అయనావరణమును, అనగా సూర్యకిరణముల వలన విద్యుత్కణములతో నిండిన పైపొరను, శోధించుటకు పరికరము కావలెను. అహమ్మదాబాదులో అట్టి పరికరములపై చేయి తిరిగినవాడు వట్టి చేతులతో ఇంటికి పోయినచో, రెండవ సంవత్సరమున ఇతరుల కొలతలను పట్టికలుగా వ్రాసికొనుటతో తృప్తిపడవలసినదే. అదియు పరిశోధనయే, కాని దానికై స్వదేశమునకు పోవలసిన పని లేదు.

మన దేశపు చరిత్రయే దీనికి దారి చూపుచున్నది. తుంబాను ఎన్నుకొనుటకు కారణము అది అయస్కాంత మధ్యరేఖకు చేరువనుండుట. మన ఇంజనీర్లు కొందరు అమెరికాలో శిక్షణపొంది తిరిగివచ్చిరి. 1963 నవంబరు 21న తుంబానుండి లేచిన రాకెట్టు అమెరికాది, దానిలోని సోడియం ఆవిరి పరికరము ఫ్రాన్సుది. శిక్షణ, పరికరము రెండును ఒక్కచోటికి చేరినవి. ఆ రాకెట్టు రాకయే యుండినచో అమెరికాలో నేర్చిన చదువు ఎట్లు ఉపయోగపడెడిదో!

నేటి విద్యార్థికి రాకెట్టు అక్కరలేదు. దిక్కు తెలుపు జి.పి.ఎస్. ఉపగ్రహములు 1575.42, 1227.60 మెగాహెర్ట్జ్ అను రెండు పౌనఃపున్యములపై సంకేతములు పంపుచుండును. అయనావరణములో సంకేతమునకు కలుగు ఆలస్యము పౌనఃపున్యపు వర్గమునకు విలోమానుపాతములో నుండును. అందుచే రెండవ సంకేతమునకు మొదటిదానికంటె సుమారు 1.65 రెట్లు ఆలస్యమగును. రెండింటి రాకలోని తేడాను కొలిచినచో దారిలో ఎన్ని ఎలక్ట్రానులున్నవో తెలియును. దీనికి వలసినది మేడపై ఒక ఆంటెనా, గదిలో ఒక పెట్టె మాత్రమే. తొమ్మిది నెలలు ముగించి పోవు ప్రతి వాయుమండల విద్యార్థికి అట్టి గ్రాహకము నొకదానిని ఇచ్చి పంపినచో, రెండవ సంవత్సరపు కొలతలు అతని స్వంతమగును. పట్టము చేతికి వచ్చిన పిమ్మట గూడ ఆ పెట్టె అచ్చటనే పనిచేయుచుండును. ఆ దేశమునుండి తరువాత బయలుదేరువాడు ఏడాది కొలతలను వెంటబెట్టుకొని అహమ్మదాబాదునకు రాగలడు.